సొట్ట తియ్యాల్నా, ఉంచాల్నా

పాత బండి షెడ్డులకు రాంగనే మన చెయ్యి రంగు గీకే వాటర్ పేపర్ మీదికి పోతది. రంగు మాసిందా, గీకు. సొట్ట పడ్డదా, కొట్టు. మీద కొత్త రంగు గుమ్మరించి ఎండల నిలవెట్టి, పది మంది "అబ్బ!" అంటుంటే మీసం దువ్వుకో. నేను గూడ గట్లనే షురూ చేసిన. నిజామాబాద్‌ల ముప్పై ఏండ్లు డెంటింగు, పెయింటింగు పని చేసి, ఇప్పుడు చేతులు వణుకుతున్నయని ఇంట్ల కూసున్న. ఈ లైన్లకు కొత్తగ వచ్చే పోరగాండ్లు నన్ను ఒకటే అడుగుతరు: "దాసన్నా, పాత బండిని కొత్తగ చెయ్యాల్నా, ఉన్నదున్నట్టు ఉంచాల్నా, ఎట్ల తెలుస్తది?" నోటితోని చెప్తే సగం ఇంటరు, సగం ఫోన్ల చూస్తరు. అందుకే రాస్తున్న.

నేను ఎన్ని బండ్లు చేసిన, ఎంత సంపాయించిన, గవన్ని చెప్పను. మీకు అక్కెరలేదు. చెడగొట్టిన పని చెప్త. అది అక్కెరకొస్తది.

హెడ్‌మాస్టరు కారు

నాకు పని నేర్పింది కరీం ఉస్తాద్. బోధన్ రోడ్డు మీద ఆయనది రేకుల షెడ్డు. ఎనభైలల్ల నేను ఆయన చేతి కింద చేరిన. మనిషి మాట తక్కువ. సొట్టను చూడకపోతుండె, తడుముతుండె. రేకు మీద పల్చటి బట్ట పరిచి, దాని మీదికెంచి అరచెయ్యి మెల్లగ జరుపుతుండె. కంటికి కనవడని ఎత్తుపల్లాలు గట్లనే దొరుకుతయి. మీరు గూడ నేర్చుకోండ్రి. ఇప్పటికీ అంతకంటె మంచి మిషను రాలే.

జక్రాన్‌పల్లి దిక్కు నుంచి ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు పాత కారు తెచ్చిండు. ఒక తలుపుకు తుప్పు పట్టింది, గంతే. ఉస్తాద్ పెండ్లికి ఊరికి పోయిండు, వారం దినాలు రాలే. ఇగ నాకు రెక్కలొచ్చినయ్. ఒక్క తలుపేంది, మొత్తం బండే చేద్దామనుకున్న. రంగంత గీకి, పుట్టీ పెట్టి, మూడు కోట్లు కొట్టిన. లోపల డాష్‌బోర్డు మీద ఏండ్ల సంది దసరా దసరాకు పెట్టిన పసుపు కుంకుమ బొట్లుండె, ఒకదాని మీద ఒకటి. అవ్విట్ని గూడ కిరసనాయిలు పెట్టి తోమి తోమి తీసేసిన. మాస్టరు వచ్చి షెడ్డు మొత్తం తిరిగి, తన కారు పక్కపొంటి రెండు సార్లు పోయి, "నా బండి యాడున్నది నాయనా?" అన్నడు. ఇదే సార్ అన్న. లోపలికి వంగి డాష్‌బోర్డు చూసిండు. చానసేపు చూసిండు. "మంచిగున్నది. ఎవరిదో బండి లెక్కున్నది" అని తాళం తీస్కొని పోయిండు.

ఆ బొట్లు పెట్టిన ఆయన భార్య అంతకు ముందు ఏడే చనిపోయిందని ఉస్తాద్ వచ్చినంక చెప్పిండు. తిట్టలే, కొట్టలే. "పని మంచిగ చేసినవ్ బేటా. ఆ బండికి ఆ పని అక్కెర లేకుండె" అన్నడు. తిట్టినా బాగుండు అనిపించింది.

మడ్డి మేస్త్రి

రెండో తప్పు మన దిక్కోళ్లు మాత్రమే చెయ్యగలిగే తప్పు.

చందూర్ దిక్కు నర్సారెడ్డి పటేల్ అని ఒక పెద్ద రైతుండె. చెరుకు, పసుపు పండిస్తడు. పటేల్ వయసుల ఉన్నప్పుడు బొంబాయిల సర్కారు వేలంకు పోయి ఎవరో విదేశీ అధికారి వాడి ఇడిసిన అమెరికా బండి కొనుక్కొచ్చిండు. రెండే తలుపులు, పొడుగు బానెటు, ఎనిమిది సిలిండర్ల ఇంజిను. స్టీరింగు ఎడమ దిక్కు. ముదురు ఆకుపచ్చ రంగు. స్టార్ట్ చేస్తే మా షెడ్డు రేకులు గజగజలాడేటియి. పెట్రోలు తాగుడు సంగతి అడగొద్దు. ఎడ్ల బండ్ల మధ్య, చెరుకు ట్రాక్టర్ల మధ్య గది పోతుంటే జనం పని ఇడిసిపెట్టి చూస్తుండె. నాకైతే గది షెడ్డుకొచ్చిన దినం అన్నం సహించకపోతుండె, అంత ఇష్టం.

ఒకసారి పటేల్ దాని బంపరు క్లాంపులు తుప్పు పట్టినయని తెచ్చిండు. మన దగ్గర తుప్పుకు ఒక మందున్నది. చక్కెర వండినంక ఫ్యాక్టరీల మిగిలే నల్ల మడ్డి. దాంట్ల నీళ్లు కలిపి డ్రమ్ముల పోసి ఇనుప సామాను పది దినాలు నానవెడితే, గీకకుండనే తుప్పు ఇడుస్తది. వాసనకు ఈగలు, చీమలు, పక్కింటోళ్ల తిట్లు. ఒకసారి ఆబ్కారీ జవాను వచ్చి సారా కాస్తున్నవా అని డ్రమ్ముల కట్టె పెట్టి కలిపి, బంపరు పైకి వస్తే బిత్తరపోయిండు. గిదంత బాగనే ఉన్నది గని, నేను క్లాంపులతోని పాటు డిక్కీ మీది బండి పేరు అక్షరాలు గూడ ఊడదీసి డ్రమ్ముల ఏసిన. మెరుస్తలేవు, మెరిపిద్దామని. అవి ఇనుము గావు, జస్తుతోని, అంటే జింకుతోని, పోసిన అక్షరాలు. మడ్డి ఇనుమును ముట్టదు, జస్తును మాత్రం తిని కూసుంటది. పది దినాలకు చెయ్యి పెట్టి తీస్తే గుడ్డు పెంకుల లెక్క పైపొర మిగిలింది.

పటేల్ ఏమంటడో అని పానం గుప్పిట్ల పెట్టుకున్న. ఆయన కడుపు పట్టుకొని నవ్విండు. "ఓరి నీ! నా బండి పేరునే మడ్డిల కలిపి తాగిచ్చినవ్ గదరా!" మనిషి మంచోడు, ఒక్క మాట గూడ కోపంగ అనలే. గని ఆ దినం సంది నన్ను 'మడ్డి మేస్త్రి' అన్నడు. ఆయన అంటే ఊరు అన్నది, ఊరు అంటే బోధన్ దాక అన్నరు. పదేండ్లు గదే పేరు. నేనూ నవ్వుతుండె. నవ్వకపోతే ఇంకెక్కువ అంటరు గద. లోపల మాత్రం ప్రతిసారి సురుక్కుమంటుండె.

ఆ తర్వాత నాకు బుద్ధి వచ్చింది. కొంచెం ఎక్కువనే వచ్చింది. పాత బండి మీద ఏదున్నా ముట్టకుండ ఉంచుడే ధర్మం అనుకున్న. బ్రేకులు, వైరింగు, తుప్పుకు తొర్రలు పడ్డ నేల, వీటికి జాలి చూపెట్టొద్దు. మనుషుల పానాలతోని పని. ఇప్పటికీ అదే చెప్త. ఇగ రంగు సంగతి: అరచెయ్యంత జాగల పాలిష్ పెట్టి రుద్ది చూడు, కింద రంగు పానంతోని ఉన్నదంటే రంగు కొట్టే గన్ను ముట్టకు. సీటు చినిగితే చినిగినకాడికే కుట్టు. ఇంతవరకు మంచి మాటనే. దీన్ని పట్టుకొనే నేను మూడో తప్పు చేసిన.

సుగుణమ్మ

ఉస్తాద్ పోయి, షెడ్డు నా చేతికొచ్చి చాన ఏండ్లయినంక, రెండు వేల సంవత్సరం అటు ఇటుగ, పటేల్ ఆ అమెరికా బండిని ట్రాక్టరుకు కట్టి గుంజుకొచ్చిండు. ఎనిమిదేండ్లు పసుపు సంచుల కొట్టంల మూలకున్నదంట. హైదరాబాద్ నుంచి పాత బండ్ల పిచ్చోడొకాయన వచ్చి చూసి, "దీనికి ఎవరు రంగు కొట్టినా ఖరాబైతది, ఇట్లనే ఉంచుండ్రి" అని చెప్పిపోయిండంట.

"దాసూ, నడిచేటట్టు చెయ్యి. మీద మాత్రం ఒక్క గీత గూడ పోవద్దు" అన్నడు పటేల్. ఎడమ తలుపు మీద చెయ్యేసి, "ముఖ్యంగ ఇది" అన్నడు.

ఎడమ తలుపుకు నడిమిట్ల మూరెడు పొడుగు సొట్ట. ఇరవై ఏండ్ల కిందటిది. దాని కథ మా దిక్కు తెల్వనోళ్లు లేరు. పెండ్లయిన కొత్తల పటేల్ తన భార్య సుగుణమ్మకు బండి నేర్పించిండు. ఆమె ఫ్యాక్టరీ గేటు కాడ లైన్ల నిలవడ్డ చెరుకు బండికి గుద్దింది. పటేల్ చెప్పే తీరు ఉంటది: "మా ఇంటామె చెరుకు బండిని ఓవర్‌టేక్ చేసింది. అది నిలవడే ఉన్నది, ఎద్దులు గడ్డి తింటున్నయ్, అయినా చేసింది!" పెండ్లిళ్లల్ల, పండుగలల్ల, కొత్త సుట్టం ఇంటికొస్తే చాయి కంటె ముందు ఈ కథ వచ్చేది. వచ్చినోళ్లను కొట్టంలకు తోల్కపోయి సొట్ట చూపెట్టేది.

నేను నెల దినాలు పని చేసిన. ఇంజిను మనిషిని పిలిపిచ్చి ఇంజిను చేయించిన, బ్రేకు పైపులు మార్చిన, డ్రైవరు సీటు కింద నేలకు కొత్త రేకు అతికిన. రంగు ముట్టలే. వచ్చినోళ్లకు సొట్ట చూపెట్టి, పటేల్ గొంతు తీసి, ఆ కథ చెప్పుడు మాత్రం నాకూ అలవాటైంది.

ఒక దినం పొద్దుగాల ఇద్దరు లారీ ఓనర్లకు చెప్తున్న. "ఎద్దులు గడ్డి తింటున్నయ్, అయినా చేసింది" అనంగనే వాళ్లు నవ్వాల్సింది పోయి నా ఎనక దిక్కు చూస్తున్నరు. మర్లి చూస్తే సుగుణమ్మ. చేతిల కండ్ల దవాఖాన చీటీ, భుజానికి సంచి. బస్సు దిగి సీదా షెడ్డుకొచ్చింది. నాకు నేల చీలితే బాగుండు అనిపించింది.

లారీ ఓనర్లు జారుకున్నరు. ఆమె ఆ సంగతే ఎత్తలే. తలుపు కాడికి పోయి, "దాసూ, ఈ సొట్ట తీసెయ్" అన్నది.

ఇగో, నా తప్పు గిక్కడ. మొఖం చెల్లక, ఉన్న గ్యానమంత ఆమె ముందట కుమ్మరించిన. "అమ్మా, పాత బండికి ప్రతి దెబ్బ చరిత్ర. తీస్తే రంగు ఊడుతది. ఊడిన రంగు మళ్ల రాదు. పైంగ పటేల్‌కు మాటిచ్చిన. ఇది బండి చరిత్ర అమ్మా" అన్న.

"బండి చరిత్ర గాదు దాసూ, నాది. రాసేటప్పుడు నన్నెవరన్న అడిగిండ్రా?" అన్నది. గొంతు పెంచలే. "గా దినం సంది నేను స్టీరింగు ముట్టలే. అంతకు ముందు మూడు నెలలు నడిపిన. చెరుకు తోటల నడుమ బాట మీద మూడో గేరు ఏస్తే మొఖానికి గాలి కొడుతుండె. మా అవ్వగారింట్ల సైకిల్ గూడ తొక్కనియ్యలే నన్ను. మూడు నెలలు ఎంత సంబురమో నీకేం ఎర్క! మళ్ల నడుపుదామని తాళం చేతికి తీసుకున్నప్పుడల్ల, ఎవరో ఒకరు 'ఎద్దులను అడిగినవా అమ్మా' అని నవ్వుడు. నేను గూడ నవ్వుడు. మొన్న కొత్త అల్లుడు ఇంటికొస్తే వానికి గూడ చూపెట్టిండు. ఇంక ఎన్ని దినాలు నవ్వాలె?"

మాటిచ్చిన అని మళ్ల గొణిగిన. ఆమె సంచి సదురుకొని పన్నెండు గంటల బస్సుకు పోయింది.

ఇద్దరినీ పిలిపిచ్చిన

రెండు దినాలు ఆ బండి దిక్కు మొఖం పెట్టబుద్ధి కాలే. పదేండ్లు మడ్డి మేస్త్రి అంటే నాకు ఎట్లుండె? నాకైతే షెడ్డు చేతికొచ్చినంక ఇంకో పేరు దొరికింది. ఆమెకు ఆ సొట్ట ఇంట్లనే ఉండె, కొట్టంల, రోజు కంటి ముందట. నేను బండికి మర్యాద చేస్తున్న అనుకున్న గని, ఆ బండిల కూసునే మనిషిని అడగలే. నా మీద నాకే మస్తు కోపమొచ్చింది.

చాటుంగ తీసేద్దామా అని గూడ ఆలోచన చేసిన. తప్పు. చాటుంగ తీస్తే సొట్ట పోతది, కథ పోదు. 'మడ్డి మేస్త్రి చెడగొట్టిండు' అని ఇంకొకటి తయారైతది. అందుకని ఇద్దరూ కలిసి రావాలె అని కబురు పెట్టిన.

వచ్చిండ్రు. నేను స్టూళ్లు ఏసి, చాయి చెప్పి, "పటేలా, మీరు తిడితే తిట్టుండ్రి. ఈ సొట్ట ఉంచాల్నా తియ్యాల్నా అమ్మను అడగకుంట నేను బండి ఇయ్య" అన్న.

పటేల్ నవ్విండు. "దీన్ని అడుగుతవా? అగో, ఇదే గదరా చెరుకు బండిని..."

"నువ్వాగు. నేను చెప్త" అన్నది సుగుణమ్మ.

చాయి గ్లాసు కింద పెట్టింది. "గా దినం నువ్వు నా పక్కపొంటి, కుడి దిక్కు కూసున్నవ్. కిటికీలకెంచి తల బయట పెట్టి, ఎనకకు మర్లి ఎవరితోనో ముచ్చట పెడుతున్నవ్. ఎదురుంగ లారీ వస్తున్నది. మన ముందట బాట మీద రాలిన చెరుకు ముక్కలు ఏరుకుంట ఒక ముసలవ్వ వంగి ఉన్నది. చెవుడో ఏమో, హారన్ కొట్టినా లేవలే. కుడికి తిప్పితే లారీ. సీదా పోతే అవ్వ. ఎడమకు తిప్పిన. చెరుకు బండి ఇరుసు తలుపుల దిగింది. గంతే కథ."

పటేల్ స్టూలు ఆమె దిక్కు జరుపుకున్నడు.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలే. బండి దిగినవ్, సొట్ట చూసినవ్, నవ్వినవ్. గేటు కాడున్న బండ్లోళ్లంత నవ్విండ్రు. అప్పటికి అవ్వ లేచి పోయింది. ఇగ ఎవరికి చెప్పాలె?"

పటేల్ తల దించుకున్నడు. ఆ మనిషి తల దించుకునుడు నేను గదే మొదలు చూసుడు. అంతల్నే సంబురంగ తలెత్తి, "అయితే సొట్ట ఉంచుదాం సుగుణా! ఇప్పుడు అసలు కథ చెప్త. మా ఇంటామె ఒక పానం కాపాడింది, ఇగో నిశాని అని అందరికీ చూపెడ్త!" అన్నడు. నిజంగ మంచి మనసుతోని అన్నడు. నాకు గూడ ఒక నిమిషం గదే మంచిగుంటది అనిపించింది.

"వద్దు" అన్నది ఆమె. "చెడ్డగ చెప్పుడు వద్దు, మంచిగ చెప్పుడు వద్దు. నన్ను చూపెట్టుడే వద్దు. నాకు బండి నడుపాలనున్నది. గంతే."

పటేల్ లేచిండు. చేతి గడియారం తీసి ఆమె ఒళ్ల పెట్టిండు. అంగీ చేతులు మడుసుకొని, "ఎట్ల తీస్తరు రా దీన్ని?" అన్నడు నాతోని.

సొట్ట తీసుడు రెండు చేతుల పని. లోపలికెంచి బరువైన ఇనుప ముద్ద, మేము డాలీ అంటం, అది ఒత్తి పట్టాలె. బయటకెంచి సుత్తెతోని మెల్లమెల్లగ కొట్టాలె. డాలీ పట్టే చేతికి ప్రతి దెబ్బ తగులుతది. తలుపు లోపలి అట్ట ఇప్పిన. పటేల్ కింద కూసొని తలుపులకు చెయ్యి పెట్టి డాలీ పట్టిండు. నేను కొడుతున్న. అరగంటకు ఆయన మణికట్టు ఎర్రగైంది. మా పనోడు పట్టుకుంటడు పటేలా, ఇడువుండ్రి అన్న. ఇడువలే.

రేకు సగం లేచినంక, చెయ్యి తలుపులనే ఉండంగ ఆమె దిక్కు మర్లి అడిగిండు. "గా దినం నీకేమన్న తగిలిందా సుగుణా?"

"భుజానికి. నెల దినాలు చెయ్యి లేవకపాయె."

పటేల్ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నాకూ తిరిగినయ్, దాచుకునేది ఏమున్నది! సుత్తె పక్కకు పెట్టి, మొఖం కడుక్కొస్త అని బయటికి పోయిన.

ఊడినకాడికే ప్రైమరు పెట్టి, మాసిన ఆకుపచ్చకు సరిపోయేటట్టు నాలుగు దినాలు రంగులు కలిపి కలిపి కొట్టిన. ఎండల చూస్తే తేడా తెలుస్తది. తెల్వనియ్యి. బండి మిగతాదంత ఎట్లున్నదో అట్లనే ఉంచిన.

బండి తీస్కపోయే దినం పటేల్ అలవాటు మీద డ్రైవరు దిక్కున్న ఎడమ తలుపు కాడికి నడిసిండు. అప్పటికే సుగుణమ్మ హ్యాండిల్ మీద చెయ్యేసి నిలవడ్డది. "జరుగు" అన్నది. ఆయన తిరిగిపోయి కుడి దిక్కు కూసున్నడు. రెండు సార్లు బండి బందైంది. మూడోసారి కదిలింది. నేను ట్రాఫిక్ జవాను లెక్క రోడ్డు నడిమిట్ల నిలవడి, చేతులు చాపి, అటు ఇటు బస్సులను ఆపి తోవ ఇచ్చిన. డ్రైవర్లు తిట్టిండ్రు. తిట్టనియ్యి.

మీరు నన్ను అడిగినదానికి నాకు దొరికిన జవాబు గింతే. గన్ను పట్టుకునే ముందు, రంగు చూసే ముందు, ఆ బండిల ఎక్కి దిగే ఇంటోళ్లందరినీ అడుగుండ్రి. తాళం తెచ్చినాయనను ఒక్కన్నే అడిగి పని షురూ చెయ్యకుండ్రి. ఒకింటికి గీత ఉంచాల్సి వస్తది, ఇంకో ఇంటికి తియ్యాల్సి వస్తది.

వారం దినాలకు పటేల్ ఫోన్ చేసిండు. "దాసూ, సీటు ఇంకా ముందటికి జరపాలె రా. పట్టాల మీద మొత్తం గుంజినా సుగుణకు క్లచ్ పూరాగ అందుతలేదు."

"ముందటికి జరపాలంటే నేలకు కొత్త తొర్రలు కొట్టాలె పటేలా. ఒక్క గీత గూడ పోవద్దంటిరి?"

"కొట్టు."

"మరి మీరు కూసుంటే మోకాళ్లు స్టీరింగుకు తగుల్తయి?"

"నాకెందుకు రా, నేను పక్కన కూసుంట" అన్నడు.